ఆసుపత్రికి ఈఎంఆర్ సిస్టం ఎలా ఎంచుకోవాలి: కొటేషన్లు తెప్పించుకునే ముందు చేయాల్సిన పనులు

"యాభై పడకల ఆసుపత్రి అన్నా, ఏ సాఫ్ట్‌వేర్ పెట్టమంటావు, ఎన్ని సిస్టమ్స్ కొనాలి, సర్వర్ కావాలా వద్దా?" నెలకి ఇద్దరు ముగ్గురైనా ఇదే ప్రశ్నతో ఫోన్ చేస్తున్నారు, విశాఖలో రామ్‌నగర్ నుంచి ఒకరు, గాజువాక నుంచి ఒకరు, ఈ మధ్య పెందుర్తి, అనకాపల్లి నుంచి కూడా. చెప్పిందే చెప్పలేక ఇక్కడ వరసగా రాసి పెడుతున్నాను. ఈఎంఆర్ అంటే పేషెంట్ల రికార్డుల్ని కాగితం మీద కాకుండా కంప్యూటర్‌లో ఉంచే సాఫ్ట్‌వేర్. ఒక పేరు చెప్పేసి ఊరుకోమంటే మాత్రం నా వల్ల కాదు. ఒక ఆసుపత్రిలో బ్రహ్మాండంగా నడుస్తున్న సాఫ్ట్‌వేర్‌నే పక్క వీధిలో పెడితే మూడు నెలలకి మూలపడింది, రెండూ నేను దగ్గరుండి చూసినవే. కంపెనీ అదే, ధర కూడా ఇంచుమించు అదే. ఓపీలో డాక్టరు గారి ఓపిక వేరు, వైరింగు వేరు, అగ్రిమెంటులో రాయించుకున్న షరతులు వేరు.

ఇది 10 నుంచి 100 పడకల దాకా ఉన్న ప్రైవేటు ఆసుపత్రులకి, ముగ్గురు నలుగురు డాక్టర్లున్న క్లినిక్‌లకి. పెద్ద కార్పొరేట్ వాళ్ళకి సొంత ఐటీ మనుషులుంటారు, వాళ్ళకి దీంతో పని లేదు.

ముందు ఇవి దగ్గర పెట్టుకోండి

- ఒక సోమవారం లెక్క: ఎన్ని ఓపీలు, ఏ గంటలో ఎక్కువ, ఎన్ని అడ్మిషన్లు, ఎన్ని ల్యాబ్ శాంపిళ్ళు. ఆదివారం లెక్క తీస్తే మోసపోతారు.
- ఇప్పుడు వాడుతున్న ప్రతి కాగితం ఒక్కో కాపీ: ఓపీ చీటీ, కేస్ షీట్, నర్సుల చార్టు, ల్యాబ్ రిపోర్టు, డిశ్చార్జ్ సమ్మరీ, కన్సెంట్ ఫారం. ఖాళీవి కాదు, రాసినవి, పేషెంటు పేరు కొట్టేసి.
- ల్యాబ్ మెషిన్లు, ఎక్స్‌రే, స్కానింగ్ మెషిన్ల జాబితా, మోడల్ నంబర్లతో. ఒక్కోదాని వెనక్కి వెళ్ళి ఏ పోర్టులున్నాయో ఫోన్‌తో ఫోటో తీయండి.
- చేత్తో గీసినదైనా సరే, ఏ అంతస్తులో ఏ గది ఉందో ఒక ప్లాను.
- ముగ్గురు మనుషులు: ఒక డాక్టరు, ఒక సీనియర్ సిస్టర్, బిల్లింగ్‌లో పాత మనిషి. నిర్ణయం వీళ్ళతో కలిసి తీసుకోండి. ఎండీ గారి బావమరిదికి కంప్యూటర్లు బాగా తెలిసే ఉండొచ్చు గానీ, రాత్రి రెండింటికి వార్డులో ఇంజెక్షన్ చేసి ఎంట్రీ వేసేది ఆయన కాదు కదా.
- స్టాప్‌వాచ్. ఫోన్‌లోది చాలు.

1. ఒక ఓపీ పూటంతా డాక్టరు పక్కన కూర్చోండి

దీన్ని అందరూ దాటేస్తారు. డాక్టరు గారు మూడు గంటల్లో 60 మందిని చూస్తే ఒక్కొక్కరికి వచ్చేది 3 నిమిషాలు. అందులో చెయ్యి పట్టుకుని చూడటం, స్టెతస్కోపు పెట్టడం, "ఉప్పు తగ్గించావా తల్లీ" అని అడగటం పోను, రాతకి మిగిలేది ముప్పై నలభై సెకన్లు. మీరు కొనబోయే స్క్రీన్ ఆ నలభై సెకన్లలో ఇమడాలి, లేకపోతే పది రోజుల తర్వాత డాక్టరు గారు మళ్ళీ పెన్ను తీస్తారు, ఎవరూ ఏమీ అనలేరు.

కూర్చున్నప్పుడు మూడు సంగతులు రాసుకోండి: ఏయే మందులు పదే పదే రాస్తున్నారు (ఏ డాక్టరుకైనా ఒక యాభై దాటవు), ఏ పరీక్షలు కట్టగా కలిపి రాస్తున్నారు, పాత చీటీ కోసం ఎన్నిసార్లు వెనక్కి తిప్పుతున్నారు. ఈ మూడూ రేపు డెమోలో మీ ప్రశ్నపత్రం.

టైపింగ్ ససేమిరా అనే పెద్ద డాక్టర్లు ఉంటారు. వాళ్ళతో తగువు పడకండి. కాగితం మీదే రాయనిచ్చి, కౌంటర్‌లో స్కాన్ చేసి పేషెంటు నంబరుకి తగిలించి, మందులు, రోగ నిర్ధారణ మాత్రం అసిస్టెంటుతో ఎంట్రీ చేయించి డాక్టరుతో సరిచూపించుకునే పద్ధతి ఒకటుంది. వెతుక్కోవడానికి అంత బాగుండదు, కానీ ఏమీ లేకపోవడం కన్నా నయం.

2. మీ ఊరి పేర్లతో పరీక్ష రాయించండి

మన ఉత్తరాంధ్రలో ఇది అసలు సమస్య. రిజిస్ట్రేషన్ కౌంటర్‌లో ఒక పూట నిలబడితే తెలుస్తుంది.

"పేరేటమ్మా?"

"అప్పలనర్సమ్మ బాబూ."

"ఇంటిపేరు?"

"అదేటో మా ఆయన్నడగాల."

ఈ అప్పలనర్సమ్మని పోయినసారి వచ్చినప్పుడు ఒకరు అప్పల నరసమ్మ అని, అంతకు ముందు ఇంకొకరు ఇంగ్లీషులో ఇంకో స్పెల్లింగుతో ఎక్కించి ఉంటారు. ఫోన్ నంబరు మొదటిసారి కొడుకుది, ఇప్పుడు అల్లుడిది. దాంతో ఒకే మనిషికి మూడు నంబర్లు, మూడు ఫైళ్ళు, పెన్సిలిన్ పడదన్న ముక్క ఆ మూడింట్లో ఒకదాంట్లోనే. ఇలాంటి అప్పలరాజులు, నూకరాజులు, పైడితల్లులు, సింహాచలాలు ఒక్కో ఓపీలో పదేసి మంది ఉంటారు.

కాబట్టి పరీక్ష ఇలా పెట్టండి. అప్పలరాజు పేరుతో నాలుగు స్పెల్లింగుల్లో నలుగురిని ఎక్కించండి, అందులో ఇద్దరు ఒకే మనిషి. కొత్తగా ఐదోవాణ్ణి ఎక్కిస్తుంటే "ఇలాంటి పేరు, ఇదే వయసు, ఇదే ఊరు ఉన్నాయి, చూసుకోండి" అని సిస్టం తనంతట తాను చెప్పాలి. రెండు ఫైళ్ళని ఒకటిగా కలిపే వీలుండాలి, తప్పు కలిపితే విడదీసే వీలూ ఉండాలి. విడదీయడం రాని సాఫ్ట్‌వేర్‌లో కలపడం మహా ప్రమాదం.

ఇంకో రెండు. హైవే మీద యాక్సిడెంటై పేరు తెలియని మనిషి వస్తే ఫోన్ నంబరు లేకుండా ఎక్కించనిస్తుందా? కవల పిల్లలు పుడితే ఇద్దరికీ వేర్వేరు నంబర్లు వచ్చి తల్లి ఫైలుకి ముడిపడతాయా, వయసు రోజుల్లో చూపిస్తుందా?

3. సర్వర్ ఆసుపత్రిలోనా, క్లౌడ్‌లోనా తేల్చుకోండి

క్లౌడ్ అంటే మీ డేటా ఎక్కడో ఉన్న కంప్యూటర్లలో ఉంటుంది, మీకు బ్రౌజరు, ఇంటర్నెట్ ఉంటే చాలు. పెట్టుబడి తక్కువ, సర్వర్ గది, దాని ఏసీ, దాన్ని చూసుకునే మనిషి ఖర్చులు ఉండవు. 20 పడకల లోపు వాళ్ళకి నేను దాదాపు ఎప్పుడూ ఇదే చెబుతాను. కానీ విశాఖలో ఉండి క్లౌడ్ ఎంచుకునేటప్పుడు 2014 అక్టోబరు 12 గుర్తు పెట్టుకోండి. హుద్‌హుద్ తుఫాను తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు లేవు, ఆసుపత్రులకి మాత్రం జనం వస్తూనే ఉన్నారు. అంత తుఫాను మళ్ళీ రాకపోయినా, డ్రైనేజీ పనికి తవ్విన ప్రతిసారీ ఫైబర్ తెగడం మామూలే.

క్లౌడ్ అయితే ఇవి తప్పవు: రెండు వేర్వేరు కంపెనీల ఇంటర్నెట్ లైన్లు, రెండూ ఒకే స్తంభం మీద నుంచి రాకుండా, వాటికి తోడు ఒక సిమ్ రూటరు. రెండు లైన్లు తీసుకుని రెండూ ఒకే పైపులోంచి లోపలికి తెచ్చిన ఆసుపత్రి నాకు తెలుసు, పొక్లెయిన్ ఒక్క దెబ్బకి రెండూ పోయాయి. ఇంకా, ఇంటర్నెట్ పోయినా వార్డులో ఉన్న పేషెంట్ల మందుల చార్టు, అలర్జీలు కనిపించేలా కొన్ని గంటలకోసారి లోకల్ కంప్యూటర్‌లో కాపీ పడుతుందా అని అడగండి.

50 పడకలు దాటి, ల్యాబ్, ఎక్స్‌రే సొంతంగా ఉంటే ఆసుపత్రిలోనే సర్వర్ పెట్టి, బ్యాకప్ మాత్రం ఊరి బయటికి, అంటే క్లౌడ్‌కి పంపే పద్ధతి మేలు. సర్వర్ గది సెల్లార్‌లో వద్దు, మెట్ల కింద వద్దు, బాత్రూం గోడకి ఆనుకుని అసలే వద్దు.

4. సాఫ్ట్‌వేర్ జాబితాని నాలుగుకి కుదించండి

ఉచితంగా దొరికేవి లేవా అని అడుగుతారు. ఉన్నాయి. బాహ్మ్నీ అని ఒకటి, ఛత్తీస్‌గఢ్‌లోని గనియారి ఆసుపత్రి కోసం మొదలై ఇప్పుడు చాలా దేశాల్లో వాడుతున్నారు, లోపల ఓపెన్‌ఎంఆర్‌ఎస్ అనే ఉచిత రికార్డుల సాఫ్ట్‌వేర్ ఉంటుంది, ల్యాబ్, బిల్లింగ్ కూడా కలిసే వస్తాయి. లైసెన్సు డబ్బులు లేవు గానీ, పెట్టడానికి, నడపడానికి తెలిసిన మనిషి కావాలి, ఆ మనిషికి జీతం కావాలి. సొంత ఐటీ కుర్రాడు ఒక్కడైనా లేనివాళ్ళు ఆ దారి పట్టొద్దు. కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ ఎన్‌ఐసీ వాళ్ళ ఈ-హాస్పిటల్ ప్రభుత్వ ఆసుపత్రుల కోసం చేసింది, ప్రైవేటు వాళ్ళకి ఆ లెక్క వేరు.

అమ్మేవాళ్ళందరూ ఈ మధ్య వాడే మాట "ఏబీడీఎం రెడీ సార్". ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ 2021 సెప్టెంబరులో దేశమంతా మొదలైంది, దాని కింద పేషెంటుకి 14 అంకెల ఆభా నంబరు వస్తుంది. "రెడీ" అన్న మాటని నమ్మకండి, ఏ మెట్టు దాకా పూర్తి చేశారో అడగండి. ఎం1 అంటే ఆభా నంబరు తయారుచేయడం, సరిచూడటం. ఎం2 అంటే మీ రికార్డుల్ని ఆభాకి జోడించి, పేషెంటు ఒప్పుకుంటే బయటికి పంపగలగడం. ఎం3 అంటే వేరే ఆసుపత్రి రికార్డు, పేషెంటు అనుమతితో, మీరు చూడగలగడం. చాలామంది ఎం1 చేసి బోర్డు పెట్టుకుంటారు. ఏబీడీఎం వెబ్‌సైట్‌లో అనుసంధానం పూర్తయిన సాఫ్ట్‌వేర్‌ల జాబితా ఉంటుంది, సేల్స్ అబ్బాయి ఎదురుగా ఉండగానే తెరిచి చూడండి.

ఎన్టీఆర్ వైద్య సేవ కేసులు చేసే ఆసుపత్రి అయితే ఇంకో ప్రశ్న: ఆ పోర్టల్‌లో పెట్టాల్సిన వివరాలు ఇందులోంచి ఒక్కచోట తీసుకునేలా ఉంటాయా, లేక ఆరోగ్యమిత్ర డెస్కు దగ్గర మళ్ళీ మొదటినుంచీ కొట్టాలా? మొత్తం తనంతట తాను పోతుందని ఎవరైనా అంటే, నడుస్తున్న ఆసుపత్రికి తీసుకెళ్ళి చూపించమనండి.

5. డెమో వాళ్ళు చూపించొద్దు, మీరు చేయండి

సేల్స్ వాళ్ళ డెమోలో పేషెంటు పేరు ఎప్పుడూ "టెస్ట్ పేషెంట్", జబ్బు ఎప్పుడూ జ్వరం, ఇంటర్నెట్ ఎప్పుడూ ఫస్టుక్లాసుగా ఉంటుంది. మౌస్ వాళ్ళ చేతిలోంచి తీసుకుని సిస్టర్ చేతికివ్వండి. పక్కన స్టాప్‌వాచ్. వరసగా ఇవి చేయించండి.

అ) డాక్టరుతో పాత షుగరు పేషెంటు చీటీ రాయించండి: మూడు మందులు, రెండు పరీక్షలు, మళ్ళీ వచ్చే తేదీ. మొదటిసారి రెండు నిమిషాలు పట్టినా ఫర్వాలేదు, ఐదోసారికి నలభై సెకన్ల దగ్గరికి రావాలి. "పోయినసారి మందులే మళ్ళీ" అన్న మీట ఉందా?

ఆ) పేషెంటుకి పెన్సిలిన్ అలర్జీ అని ఎక్కించి, ఆగ్మెంటిన్ రాయండి. అందులో అమాక్సిసిలిన్ ఉంది, అది పెన్సిలిన్ జాతిదే. సిస్టం కిమ్మనకుండా ప్రింటు తీస్తే, ఆ అలర్జీ గడి ఉత్త అలంకారం. అలాగే ప్రతి మందుకీ ఎర్ర డబ్బా ఎగరేస్తుంటే అదీ తలనొప్పే, వారం తిరక్కుండా అందరూ చూడకుండానే ఓకే కొట్టేస్తారు.

ఇ) తెలుగులో ప్రింటు తీయండి. డిశ్చార్జ్ సమ్మరీలో జాగ్రత్తలు తెలుగులో ఇవ్వకపోతే పాడేరు నుంచి వచ్చిన మనిషికి ఆ కాగితం ఎందుకు? "లక్ష్మి, కృష్ణ, స్త్రీ, రాత్రి, భోజనానికి ముందు" అని కొట్టి, స్క్రీన్ మీద కాదు, పీడీఎఫ్‌లోనూ కాగితం మీదా చూడండి. స్క్రీన్ మీద చక్కగా ఉన్న లక్ష్మి కాగితం మీదికొచ్చేసరికి పొల్లులతో మూడు ముక్కలవుతుంది, ఒత్తులు ఊడిపోతాయి. "అను ఫాంట్ వేస్తాం సార్" అంటే వద్దనండి, యూనికోడ్ (ఏ కంప్యూటరైనా చదవగలిగే అక్షర పద్ధతి) కాని అక్షరాలతో రేపు ఏమీ వెతకలేరు.

ఈ) తప్పు ఎక్కించి దిద్దండి. బరువు 6 కిలోలని వేసి 16 అని మార్చండి. పాత అంకె, మార్చినవారి పేరు, సమయం కనిపించాలి. పాతది జాడ లేకుండా పోతే, రేపు కోర్టులో ఆ రికార్డుకి విలువ ఏముంటుంది?

ఉ) చీటీ సగంలో ఉండగా నెట్‌వర్క్ కేబుల్ పీకేయండి. మళ్ళీ పెట్టాక రాసింది ఉందా, పోయిందా, రెండుసార్లు సేవ్ అయిందా? ఈ పరీక్ష పెట్టినప్పుడు సేల్స్ అబ్బాయి మొహం చూడాలి.

ఊ) రాత్రి 11:50కి అడ్మిట్, 12:20కి ఇంజెక్షన్. రోజు మారినప్పుడు చార్టు తెగిపోతుందా, బెడ్ చార్జీ రెండు రోజులకి పడుతుందా చూడండి.

డెమో అయ్యాక అదే సాఫ్ట్‌వేర్ ఏడాదిగా వాడుతున్న ఆసుపత్రికి వెళ్ళండి. ఎండీ గారితో టీ తాగి వచ్చేయకండి, నైట్ డ్యూటీ సిస్టర్‌ని అడగండి. "బానే ఉంది సార్, కాకపోతే..." అని మొదలుపెడుతుంది. ఆ కాకపోతే తర్వాత వచ్చేది రాసుకోండి.

6. ల్యాబ్, ఎక్స్‌రే మెషిన్లు కలుస్తాయా

ముందు తీసిన ఫోటోలు ఇప్పుడు పనికొస్తాయి. పాత ఎనలైజర్లకి, అంటే శాంపిళ్ళు పరీక్షించే ల్యాబ్ మెషిన్లకి, చాలావాటికి సీరియల్ పోర్టు ఉంటుంది, కొత్త కంప్యూటర్లకి అది ఉండదు, మంచి కన్వర్టరు కావాలి. ఒక్కో మెషిన్‌ని కలపడానికి విడిగా డబ్బులు అడుగుతారు, కొన్నిసార్లు మెషిన్ కంపెనీ వాళ్ళూ అడుగుతారు, ఇదంతా కొటేషన్‌లో కనపడదు. మెషిన్ పేరు, మోడల్ రాసి, ఒక్కోదాని ఎదురుగా ధర వేయించుకోండి. రిజల్టు ఒకవైపే వస్తుందా, లేక బార్‌కోడ్ చదివి ఏ పరీక్ష చేయాలో మెషిన్‌కి కూడా చెబుతుందా అన్నది కూడా రాయించండి.

ఎక్స్‌రే, సీటీ బొమ్మలు డైకామ్ అనే, వైద్య బొమ్మలకి వాడే ఫైలు పద్ధతిలో ఉంటాయి. వాటికెంత జాగా కావాలో మీరే లెక్కేసుకోవచ్చు: సీటీలో ఒక స్లైసు 512 x 512 చుక్కలు, చుక్కకి 2 బైట్లు, అంటే అర ఎంబీ. ఒక స్కాన్‌కి 300 స్లైసులనుకుంటే 150 ఎంబీ, రోజుకి 20 స్కాన్లంటే 3 జీబీ, ఏడాదికి సుమారు 1 టీబీ. ఈ లెక్క చెప్పకుండా "2 టీబీ డిస్కు చాలు సార్" అన్నవాణ్ణి మూడో ఏడాది ఎవరు ఆదుకుంటారని అడగండి.

7. ఇప్పుడు హార్డ్‌వేర్

దీన్ని ఏడోది చేశాను, కావాలనే. అందరూ దీంతోనే మొదలుపెడతారు.

ఎన్ని: 50 పడకలకి నేను వేసే మోటు లెక్క ఇది. రిజిస్ట్రేషన్ 2, బిల్లింగ్ 2, ఫార్మసీ 2, ల్యాబ్ 2, ఎక్స్‌రే 1, ఒక్కో కన్సల్టేషన్ గదికి 1, ఒక్కో నర్సింగ్ స్టేషన్‌కి 1, ఐసీయూ 1, ఓటీ 1, ఆఫీసు 2. దీనిపైన రెండు స్పేర్, డబ్బాల్లో కాదు, సాఫ్ట్‌వేర్ వేసి సిద్ధంగా.

డెస్క్‌టాప్: 8 జీబీ ర్యామ్ కనీసం, 16 అయితే నిశ్చింత, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ. మానిటర్ వెనక తగిలించే చిన్న పీసీలు ఓపీ గదుల్లో బాగుంటాయి. సెకండ్ హ్యాండ్ చవగ్గా వస్తుందని తొందరపడకండి: విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు ఆగిపోయింది, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు లేని పాత మెషిన్ల మీద విండోస్ 11 సక్రమంగా ఎక్కదు. సాఫ్ట్‌వేర్ పూర్తిగా బ్రౌజర్లో నడిచేదైతే అలాంటి పాతవాటికి లైనక్స్ వేసి వాడుకోవచ్చు, కానీ ముందు ప్రింటరు పనిచేస్తుందో లేదో చూసుకోండి.

సర్వర్: సర్వర్ అని స్టిక్కరు వేసిన డెస్క్‌టాప్ వద్దు. తప్పులు సరిదిద్దే ఈసీసీ ర్యామ్, రెండు డిస్కుల్లో ఒకే డేటా పడే రెయిడ్ ఉండాలి. రెయిడ్ ఉంటే బ్యాకప్ అక్కర్లేదనుకోవడం అన్నిటికన్నా ఖరీదైన పొరపాటు. పొరపాటున చెరిపేస్తే రెండు డిస్కుల్లోనూ ఒకేసారి చెరుగుతుంది.

కరెంటు: సర్వర్‌కి, నెట్‌వర్క్ స్విచ్‌లకి ఆన్‌లైన్ యూపీఎస్, అంటే కరెంటు పోయినా క్షణం కూడా తెగకుండా ఇచ్చే రకం. మామూలు కంప్యూటర్‌కి 600 వీఏది చాలు, జనరేటర్ అందుకునేదాకా ఆగితే అదే పదివేలు. లేజర్ ప్రింటర్‌ని యూపీఎస్‌కి పెట్టొద్దు, వేడెక్కేటప్పుడు అది గుంజే కరెంటుకి యూపీఎస్ కూలబడుతుంది, పక్కనున్న కంప్యూటర్ కూడా ఆరిపోతుంది. అందరూ కంప్యూటర్‌ని తిడతారు. స్విచ్‌లకి యూపీఎస్ మర్చిపోవడం ఇంకో మామూలు తప్పు: కంప్యూటర్లన్నీ వెలుగుతుంటాయి, ఏ ఒక్కటీ సర్వర్‌ని చేరదు.

నెట్‌వర్క్: క్యాట్ 6 కేబుల్, ఒక్కో వైరు పొడవు 100 మీటర్లు దాటకూడదు. ఎక్స్‌రే గదికి మందపాటి గోడలు, సీసం రేకు వేసిన తలుపులు ఉంటాయి, వైఫై లోపలికి సరిగా రాదు, అక్కడికి వైరు లాగాల్సిందే. పేషెంటు బంధువుల వైఫై, సీసీ కెమెరాలు ఈ నెట్‌వర్క్‌లో కలవకూడదు, విడగొట్టించండి. బీచ్ రోడ్డుకి దగ్గరున్న వాళ్ళకి అదనంగా ఒక మాట: ఉప్పు గాలికి పోర్టుల్లో రాగి పిన్నులకి పచ్చగా చిలుము పడుతుంది. "సార్ నెట్ వస్తూ పోతూ ఉంది" అన్న కంప్లయింటు మీద రెండు రోజులు సాఫ్ట్‌వేర్ వాళ్ళతో గొడవపడి, చివరికి స్విచ్ విప్పి చూస్తే ఇదే. మూసి ఉండే ర్యాకు పెట్టండి, కిటికీ పక్కన పెట్టకండి.

ప్రింటర్లు: బార్‌కోడ్ లేబుళ్ళకి రిబ్బన్ వాడే రకం తీసుకోండి. వేడితో నేరుగా అచ్చయ్యే మామూలు లేబుల్ మీద స్పిరిట్ పడితే నల్లబడిపోతుంది, ల్యాబ్‌లో స్పిరిట్ పడకుండా ఉండదు.

8. సంతకానికి ముందు బయటికి పోయే దారి చూసుకోండి

నాకు తెలిసిన ఒక ఆసుపత్రి ఐదేళ్ళు ఒక సాఫ్ట్‌వేర్ వాడి, ధర పెంచారని మారదామనుకుంది. డేటా ఇమ్మంటే పెన్‌డ్రైవ్ నిండా పీడీఎఫ్‌లు చేతిలో పెట్టారు. చదువుకోవచ్చు, కొత్త సిస్టంలోకి ఎక్కించలేరు. అగ్రిమెంటులో "డేటా ఇవ్వబడును" అని ఉంది, వాళ్ళు ఇచ్చారు కూడా.

అందుకని ఇలా రాయించండి: డేటా మొత్తం డేటాబేస్ రూపంలో, ఏ పట్టికలో ఏముందో వివరంతో, స్కాన్ చేసిన కాగితాలు, బొమ్మలు పేషెంటు నంబరుతో సహా, అడిగిన ఇన్ని రోజుల్లో, ఇంత ధరకి లేదా ఉచితంగా. మరీ ముఖ్యంగా, డబ్బు చివరి వాయిదా కట్టేముందు ఒక్కసారి నమూనాగా తీసి ఇమ్మనండి. ఇవ్వలేకపోతే ఆ వాయిదా ఆపండి.

ఏఎంసీ (ఏటా కట్టే నిర్వహణ ఒప్పందం డబ్బు) ఎంత, ఎంతకి మించి పెంచకూడదు, ఆదివారం రాత్రి ఫోన్ చేస్తే ఎవరు ఎత్తుతారు, ఇవీ రాయాలి. లైసెన్సు మనిషికా, ఒకేసారి వాడేవారి సంఖ్యకా చూడండి. మూడు షిఫ్టుల సిస్టర్లకి మనిషి లెక్కన కొంటే మూడింతలు కట్టినట్టే.

9. బ్యాకప్ తీయడం కాదు, తిరిగి ఎక్కించి చూడటం

మూడు కాపీలు, రెండు రకాల చోట్ల, ఒకటి ఊరి బయట. వాటిలో ఒకటి నెట్‌వర్క్ నుంచి పీకేసి ఉండాలి, ఎందుకంటే రాన్సమ్‌వేర్, అంటే ఫైళ్ళకి తాళం వేసి డబ్బు అడిగే వైరస్, వస్తే అంటుకుని ఉన్న కాపీనీ తాళం వేసేస్తుంది. 2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లకి ఇదే పట్టి, రోజుల తరబడి ఓపీ అంతా చేతిరాత మీద నడిచింది. అంత పెద్ద ఆసుపత్రికే తప్పలేదు.

ఎలా సరిచూసుకోవాలి: నెలకోసారి, వేరే కంప్యూటర్ మీద బ్యాకప్‌ని ఎక్కించి, నిన్న డిశ్చార్జ్ అయిన ముగ్గురి ఫైళ్ళు తెరవండి. ఒకచోట రోజూ రాత్రి "బ్యాకప్ సక్సెస్" అని మెసేజ్ వచ్చేది, ఎవరి ఫోన్‌కి చూసినా పచ్చ టిక్కు. తెరిచి చూస్తే నాలుగు నెలలుగా ఫైళ్ళన్నీ 0 కేబీ. పాస్‌వర్డు మార్చినప్పుడు బ్యాకప్‌లో మార్చలేదు, అంతే.

10. చట్టం గురించి, క్లుప్తంగా

ఇన్‌పేషెంటు రికార్డులు వైద్యం మొదలైన రోజు నుంచి 3 ఏళ్ళు ఉంచాలని, పేషెంటు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నియమాలు చెబుతున్నాయి. పోలీసు కేసులైతే కోర్టులో తేలేదాకా ఉంచండి. సైబర్ దాడి లాంటిది జరిగితే 6 గంటల్లో కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కి చెప్పాలి, లాగ్‌లు (ఎవరు ఎప్పుడు ఏం చేశారో సిస్టం రాసుకునే చిట్టా) 180 రోజులు ఉంచాలి, ఇది 2022 ఏప్రిల్ నాటి ఆదేశం. పేషెంటు వివరాల గోప్యతకి 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం ఉంది.

రోజువారీ పనిలో ఇదంతా ఒక్క అలవాటు దగ్గర తేలిపోతుంది: ఎవరి లాగిన్ వాళ్ళదే. నర్సింగ్ స్టేషన్ మానిటర్‌కి పాస్‌వర్డు కాగితం అతికించి ఉంటే, ఎవరు ఏ మందు ఇచ్చారో మీ సిస్టంకి తెలియదు. సిస్టర్లు బద్ధకంతో అలా చేయరు, లాగిన్ అవ్వడానికి అర నిమిషం పడుతుంది కాబట్టి చేస్తారు. కార్డు, వేలిముద్ర లాంటి తేలిక పద్ధతి కొనేముందే అడగండి.

11. మొదలుపెట్టడం, సరిచూసుకోవడం

ఒకేరోజు ఆసుపత్రంతా మార్చకండి. ముందు రిజిస్ట్రేషన్, బిల్లింగ్, రెండు వారాల తర్వాత ల్యాబ్, ఫార్మసీ, ఆ తర్వాత ఒక్క డాక్టరు ఓపీ, అందులోనూ ఉత్సాహం ఉన్న డాక్టరు. వార్డులు ఆఖరున. అక్టోబరు, నవంబరు తుఫాన్ల నెలల్లో ముహూర్తం పెట్టకండి, వైరల్ జ్వరాల సీజనులోనూ వద్దు. వార్డుల్లో రెండు వారాలు కాగితం, కంప్యూటర్ రెండూ నడపండి, అంతకు మించితే రెండింట్లోనూ సగం సగమే రాస్తారు.

సిస్టం ఆగిపోతే వాడే కాగితాల కట్ట ప్రతి స్టేషన్‌లో సీలు వేసి ఉంచండి, నెలకోసారి ముందే చెప్పి, ఒక గంట ఆపి చూడండి.

వారానికోసారి ఏవో పది కేస్ షీట్లు తీసి చూడండి: అలర్జీ గడి నిండిందా, మందు ఇచ్చిన టైము, ఎంట్రీ వేసిన టైము దగ్గరదగ్గరగా ఉన్నాయా, లేక షిఫ్టు చివర ఎనిమిదింటికి అన్నీ ఒకేసారి కొట్టేశారా.

నెల తిరిగాక నర్సింగ్ స్టేషన్ డ్రాయరు తెరిచి చూడండి. అట్ట వేసిన లాంగ్ నోట్‌బుక్ ఒకటి ఉంటుంది, తప్పకుండా ఉంటుంది. కోప్పడకండి. తీసుకుని కూర్చుని, అందులో ఏం రాసుకుంటున్నారో పేజీ పేజీ చూడండి: ఏ బెడ్డుకి రక్తం తెప్పించాలి, ఎవరి అటెండెంటు ఇంకా డబ్బు కట్టలేదు, ఏడో నంబరు తాతగారికి ఏ చేతికి నరం దొరుకుతుంది. మీ సాఫ్ట్‌వేర్‌లో లేని గడులు అవి. ఆ జాబితా రాసి సాఫ్ట్‌వేర్ వాళ్ళకి పంపండి, నోట్‌బుక్ మాత్రం సిస్టర్‌కి తిరిగి ఇచ్చేయండి.